కుక్కతో కడలి తీరానికా? ఇసుక కింద గుడ్లున్నాయి, జాగ్రత్త!

(మా ప్రత్యేక విలేఖరి)

శ్రీకాకుళం: సంక్రాంతి వెళ్లి, నూర్పులు ముగిసి, గింజ ఇంటికి చేరిన తర్వాత మన జిల్లా పల్లెజనానికి కాస్త తీరిక చిక్కుతుంది. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం, శివరాత్రికి జాగారం, ఫాల్గుణ పౌర్ణమికి శ్రీకూర్మంలో డోలోత్సవం. ఏదో ఒక వంకన ఈ రోజుల్లో సముద్రపు ఒడ్డుకు వెళ్లిరాని కుటుంబం తీర మండలాల్లో ఉండదంటే అతిశయోక్తి కాదు. కళింగపట్నం, మొగదాలపాడు, భావనపాడు, బారువ - ఎక్కడ చూసినా ఆటోలు, మోటారు సైకిళ్లు, అన్నం గిన్నెలు, చీర కొంగు పట్టుకుని కెరటాలకు ఎదురెళ్లే పిల్లలు.

మనుషుల వెంట కుక్కలూ వస్తాయి. కొన్నిటిని ముచ్చటపడి మనమే తెచ్చుకుంటాం. కొన్ని బండి వెనకాలే పరుగెత్తుకొస్తాయి. మైళ్ల పొడవున ఇసుక, అడ్డం వచ్చే బండి లేదు, తరిమే పొరుగువాడు లేడు. కుక్కకు అంతకన్న ఆనందమేముంది? తాడు విప్పి వదిలేస్తే చాలు, అలల్ని చూసి మొరుగుతుంది, పీతల వెంట పడుతుంది, ఇసుకలో పొర్లుతుంది. చూసేవారికి వినోదమే.

అయితే సరిగ్గా ఈ నెలల్లోనే మరొక చుట్టం కూడా మన ఒడ్డుకు వస్తుంది. రాత్రిపూట వచ్చి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతుంది. వెళ్తూ తన సొత్తంతా మన కాళ్ల కింద ఇసుకలో దాచి వెళుతుంది. ఆ సంగతి ఈ విలేఖరికి తెలిసింది పుస్తకాల వల్ల కాదు. సొంత కుక్క చేసిన పాడుపని వల్ల.

టామీ తవ్విన గుంట

కొన్నేళ్ల కిందటి మాట. మాఘమాసం. బంధువులతో కలిసి ఈ విలేఖరి జిల్లాలోని ఒక మత్స్యకార గ్రామం ఒడ్డుకు తెల్లవారుతూనే చేరుకోవడం జరిగింది. వెంట టామీ. పేరు దొరల పేరే గాని జాతి మాత్రం నాటుదే. తాడు విప్పగానే అది మొగలి పొదల వైపు పరుగు తీసింది. కాసేపటికి చూస్తే ముందు కాళ్లతో ఇసుక ఎగజిమ్ముతోంది. పీత కోసం తవ్వుతోందనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

అంత దూరాన పడవ నీడన కూర్చుని వల అల్లుకుంటున్న ఒక ముసలాయన చేతిలోది పారేసి లేచి పరుగెత్తుకొచ్చాడు. "కుక్కని పట్టండి బావూ! గుడ్లున్నాయి, గుడ్లు!" అని కేకలు వేశాడు.

పట్టుకునేసరికే ఆలస్యమైంది. అడుగున్నర లోతు గుంట. చుట్టూ తెల్లటి పెంకుల ముక్కలు, వాటి మీద పచ్చసొన, ఇసుక. టామీ మూతి నిండా అదే. గుంట అడుగున ఇంకా ఎన్నో గుడ్లు, పింగ్‌పాంగ్ బంతుల్లా గుండ్రంగా, తెల్లగా, తడిగా మెరుస్తున్నాయి.

ముసలాయన టామీని కొట్టలేదు, మమ్మల్ని తిట్టలేదు. పై పంచె తీసి గుంట మీద ఎండ పడకుండా పట్టమని ఒక కుర్రవాడికి ఇచ్చాడు. ఇంకొకణ్ణి అటవీశాఖ కాపలా మనిషి కోసం పంపాడు. అతను వచ్చి గుడ్లను ఒక్కొక్కటిగా, ఉన్నదాన్ని ఉన్నట్టే, పైవైపు కిందికి తిరగకుండా ఎత్తి ఇసుక పరిచిన సంచిలో పెట్టాడు. రాత్రి పెట్టిన గుడ్లు కాబట్టి ఇంకా కదపవచ్చునని, కొన్ని గంటలు గడిచాక తిప్పితే లోపలి పిండం చచ్చిపోతుందని చెప్పాడు. లెక్కపెడితే బాగున్నవి 87 తేలాయి. చితికినవి ఇరవై దాకా ఉన్నాయి. బాగున్నవాటిని తీరంలోనే కంచె కట్టి గుడ్లు పొదిగించే చోటికి తీసికొనిపోయాడు.

"క్షమించు తాతా, తెలియక జరిగింది" అన్నప్పుడు ముసలాయన అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మీ కుక్క సెడ్డది కాదు బావూ. దానికేటి తెలుస్తాది? తెలవాల్సినోలం మనవే గదా."

చీకట్లో వచ్చే చుట్టం

ఆ గుడ్లు పెట్టింది ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు. ఆలివ్ కాయ రంగు డిప్ప ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. పెరిగిన తాబేలు డిప్ప పొడవు రెండడుగుల పైచిలుకు. బరువు సుమారు 35 నుంచి 45 కిలోలు. శ్రీకూర్మం ఆలయంలో మనం చూసే నక్షత్ర తాబేళ్లు నేల మీద నడిచేవి, వాటికి కాళ్లుంటాయి. దీనికి కాళ్ల బదులు పడవ తెడ్ల వంటివి ఉంటాయి. నీటిలో చేపలా పోతుంది గాని ఇసుక మీద పాకడం దానికి మహా కష్టం.

మగ తాబేలు పుట్టి సముద్రంలో పడిన తర్వాత మళ్లీ ఒడ్డెక్కడమన్నది సాధారణంగా ఉండదు. ఆడది మాత్రం పది పదిహేనేళ్లు పెరిగి, ఈడు వచ్చాక, తాను పుట్టిన ప్రాంతపు తీరాన్నే వెతుక్కుంటూ వస్తుంది. పుట్టింటికి పురిటికి వచ్చే ఆడపడుచు లాంటిదన్నమాట. మన పొరుగున ఒడిశాలోని గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట, ఇంకా ఉత్తరాన గహిర్మాత వద్ద, ఇవి వేలు, లక్షల సంఖ్యలో ఒక్కుమ్మడిగా వచ్చి గుడ్లు పెడతాయి. మన తీరంలో అలా గుంపులుగా రావు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడొకటి, ఇక్కడొకటిగా వస్తాయి. అందుకే ఎక్కడ పెట్టాయో మనకు తెలియదు.

రాత్రి జనం అలికిడి లేనప్పుడు ఒడ్డెక్కి, పోటు నీరు అందని ఎత్తు చూసుకుని, వెనక తెడ్లతో గుంట తవ్వుతుంది. వంద నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి, మన ఆడవాళ్లు అరుగు అదిమినట్లు తన బరువుతో అటూ ఇటూ ఊగుతూ గట్టిగా అదుముతుంది. ఆ సమయంలో దాని కళ్ల వెంట నీరు కారుతుంది. ప్రసవ వేదన అని జనం అనుకుంటారు. వాస్తవానికి అది సముద్రపు నీటితో ఒంట్లో చేరిన ఉప్పును బయటికి పంపే ఏర్పాటు. గంట లోపు పని ముగించుకుని సముద్రంలోకి పోతుంది. కోడిలా పొదగదు, తిరిగి వచ్చి చూసుకోదు. ఆ పైన భారమంతా ఇసుకదే.

ఇసుక వేడికి 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఇందులో ఒక వింత ఉంది. పుట్టేది ఆడో మగో తేల్చేది ఇసుక వేడే. సుమారు 29 డిగ్రీల దగ్గర రెండూ సమంగా, అంతకు మించి వేడెక్కితే ఆడవి ఎక్కువగా, చల్లబడితే మగవి ఎక్కువగా పుడతాయి. పిల్లలు ఇసుక చల్లబడిన రాత్రివేళ పైకి వచ్చి, వెలుతురు కనిపించే వైపు పాకుతాయి. చీకటి రాత్రి ఊరి వైపు కంటె సముద్రం మీదే మెరుపు ఎక్కువ. మనం ఒడ్డున పెద్ద దీపాలు వెలిగిస్తే అవి దారి తప్పి ఊరి వైపే వస్తాయి.

వేయి పిల్లలు సముద్రంలో పడితే పెరిగి పెద్దదయ్యేది ఒకటేనని ఈ శాస్త్రం తెలిసినవారి అంచనా. ఒక కుక్క ఒక పూట తవ్వే గుంట ఎంత నష్టమో ఇప్పుడు పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

కుక్క ముక్కుకు తెలియనిది లేదు

ఇసుక ఎంత గట్టిగా అదిమినా కుక్క ముక్కును దాటలేదు. గుడ్లు పెట్టిన రాత్రి తల్లి వదిలిన వాసన ఉంటుంది. పిల్లలు పెంకు చీల్చుకునే రోజుల్లో లోపలి జిగురు వాసన పైకి వస్తుంది. ఈ రెండు సమయాల్లో కుక్కలు, నక్కలు గూడును సులువుగా పసిగడతాయి. నక్కలు, కాకులు, పీతలు అనాదిగా ఉన్నవే. వాటిని తట్టుకోవడానికే ప్రకృతి వంద గుడ్లు ఇచ్చింది. కాని మనం ఒడ్డున పారేసే చేపల వ్యర్థాలు, అన్నం విస్తళ్లు తిని పెరిగే కుక్కల గుంపులు ఆ లెక్కలో లేవు. విందు చేసుకుని ఎంగిలాకులు అక్కడే వదిలి వచ్చేవారు తమకు తెలియకుండానే ఆ గుంపులను మేపుతున్నారు. పగలు విస్తరి నాకిన కుక్క రాత్రి గూడు తవ్వుతుంది.

ఇది విని కొందరు మత్స్యకారులు ఒక మాట అడుగుతారు. "మరబోట్ల వలల్లో ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే తాంబేళ్లు ఎన్ని లేవు? వాళ్లని ఒగ్గేసి కుక్కల మీద పడతారేటి?" అని. న్యాయమైన ప్రశ్నే. సముద్ర తాబేలుకు చేపలా మొప్పలు లేవు. గాలి పీల్చడానికి పైకి రావలసిందే. మరబోటు గంటల తరబడి లాగే వలలో చిక్కితే చావు తప్పదు. రాష్ట్ర చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలవారిది. అక్కడ మరబోట్లు వేట చేయరాదు. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. కాని తాబేళ్లు ఎక్కువగా వచ్చేది ఆ నిషేధానికి ముందే కావడం గమనార్హం. వలలో చిక్కిన తాబేలు తప్పించుకుపోయేందుకు ఇనుప చట్రంతో అమర్చే ఏర్పాటు ఉన్నది. దానిని ప్రతి మరబోటు వాడేలా చూడడం ప్రభుత్వం పని. కుక్క మెడకు తాడు కట్టడం మన పని. ఒకరి తప్పు చూపి మరొకరు తప్పించుకుంటే మధ్యన నశించేది ఆ మూగజీవే.

పైగా ఇది చట్టం విషయం కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ తాబేలు ఉన్నది. అంటే పులితో సమానమైన రక్షణ. దానిని చంపినా, గుడ్లు ఎత్తుకుపోయినా 3 నుంచి 7 సంవత్సరాల జైలుశిక్ష, జరిమానా పడవచ్చు.

కుక్కకూ కష్టమే

సముద్రపు ఒడ్డు మనం అనుకున్నంత సుఖమైన చోటు కాదు కుక్కకు. మధ్యాహ్నపు ఇసుక కాలి మెత్తలను కాలుస్తుంది. మన అరచేతి వెనకభాగాన్ని ఇసుక మీద ఆనించి ఏడు లెక్కపెట్టేంతసేపు ఉంచలేకపోతే ఆ ఇసుక మీద కుక్కను నడిపించరాదు. మనలాగా ఒళ్లంతా చెమటపట్టే ఏర్పాటు దానికి లేదు. నాలుక చాపి రొప్పుతూనే వేడి తగ్గించుకోవాలి. నీడ లేకపోతే వడదెబ్బ తగులుతుంది.

దాహం వేస్తే అది సముద్రపు నీరే తాగుతుంది. ఉప్పునీరు ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం. ఒడ్డున పడి ఉన్న చచ్చిన చేపల్లో బంతిలా ఉబ్బే చేప ఒకటి ఉంటుంది. అది తింటే విషం. తెగిన గాలాలు, పాత వల ముక్కలు కాళ్లకు, నోటికి గుచ్చుకుంటాయి. నది సముద్రంలో కలిసే మొగల దగ్గర లోపలి లాగుడు బలంగా ఉంటుంది. ఈతకు తీరిన కుక్కయినా కొట్టుకుపోతుంది. దానికోసం దిగిన మనిషి ప్రాణమూ పోతుంది.

ఊరి కుక్కల గుంపు కొత్త కుక్కను చూసి ఊరుకోదు. కాట్లాటలో కరిస్తే పిచ్చికుక్క జబ్బు భయం. కుక్కకు ఏటేటా టీకా వేయించకుండా తీరానికి తీసికొనిపోవడం తగదు. మనిషిని కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసర్లు, కారం పూయడం ప్రమాదకరం.

ఏం చేయాలి?

కుక్కను ఇంట్లో కట్టేసి రండని ఎవరూ అనడం లేదు. కొద్దిపాటి జాగ్రత్త చాలు.

జనవరి నుంచి చివరి పిల్లలు సముద్రంలో చేరేవరకు ఒడ్డున కుక్కను తాడుతోనే ఉంచాలి. తడి ఇసుక మీద, కెరటం వచ్చి తాకే చోటనే నడిపించాలి. గుడ్లుండేది పైన, పొడి ఇసుకలో, ఊదాపూల తీగలు పాకే చోట, మొగలి పొదల దగ్గర. అటు పోనీయరాదు.

పొద్దు పోయాక కుక్కతో ఒడ్డుకు వెళ్లరాదు. ఒడ్డెక్కుతున్న తాబేలు మొరుగుడు విన్నా, టార్చిలైటు చూసినా గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది.

తెల్లవారుజామున ఇసుక మీద చిన్న ట్రాక్టరు వెళ్లినట్లు జాడ కనిపిస్తే అది తాబేలు వచ్చి వెళ్లిన గుర్తు. తవ్వి చూడకండి, ఫొటోల కోసం తొక్కకండి. అటవీశాఖ వారికి గాని, గ్రామ సచివాలయానికి గాని, ఒడ్డున ఉన్న మత్స్యకారులకు గాని చెప్పండి. కుక్క అప్పటికే తవ్వి ఉంటే గుడ్లను కదపకుండా నీడ పట్టి కబురు పంపండి.

పాకుతున్న పిల్లలు కనిపిస్తే చేతిలోకి తీసికొని సముద్రంలో విసరకండి. దారిలో అడ్డున్న చెత్త, గుంటలు తొలగించి, దీపాలు ఆర్పి, కుక్కను దూరంగా పట్టుకుని నిలబడితే చాలు. అవే వెళతాయి.

తిన్న విస్తళ్లు, చేప ముళ్లు మూటగట్టి వెనక్కి తెచ్చుకోండి. ఇంటికి రాగానే కుక్కను మంచినీటితో కడిగి, చెవులు తుడిచి, కాలివేళ్ల మధ్య చూడండి.

తీర గ్రామాల పంచాయతీలు ఈ సంగతులు ఒక బోర్డు మీద రాయించి ఒడ్డుకు వెళ్లే బాట మొదట్లో నిలబెట్టవచ్చు. మాఘ పౌర్ణమికి, శివరాత్రికి ముందు టముకు వేయించవచ్చు. కుక్కలకు టీకాలు, సంతానం లేకుండా శస్త్రచికిత్సలు తీర గ్రామాల్లో ముందుగా జరిపించేందుకు పశుసంవర్ధక శాఖవారు పూనుకోవాలి. విషం పెట్టి చంపడం దారుణం మాత్రమే కాదు, చట్టవిరుద్ధం కూడా. దానివల్ల ప్రయోజనమూ లేదు. తిండి దొరికే చోటికి వేరే కుక్కలు వచ్చి చేరతాయి.

యాభై ఒకటో రోజు

మార్చి నెలాఖరున ఆ ముసలాయన దగ్గర నుంచి ఫోను వచ్చింది. "నీ గుడ్లు పగిలినాయి బావూ, సాయంత్రం రండి" అన్నాడు. గుడ్లు కంచెలో పెట్టిన నాటి నుంచి అది యాభై ఒకటో రోజు. ఈసారి టామీని ఇంటి దగ్గరే ఉంచి పిల్లలను మాత్రం తీసుకెళ్లడం జరిగింది.

పొద్దు కుంకిన తర్వాత కంచె తలుపు తీశారు. అగ్గిపెట్టె అంత ఉన్న నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, జారుతూ ఇసుక దిగాయి. అరవై పైచిలుకు ఉంటాయి. మొదటి కెరటం కొన్నిటిని వెనక్కి తోసింది. మళ్లీ పాకాయి. రెండో కెరటం వచ్చి తీసికొనిపోయింది. ఆ రోజు గుంట చుట్టూ చేరి చప్పట్లు కొట్టిన పిల్లలే ఇప్పుడు మాట లేకుండా నిలబడిపోయారు. వారిలో చిన్నది ఉండబట్టలేక, "టామీ తిన్నవి కూడా ఉంటే ఇంకా ఎన్ని అయ్యేవి?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

ముసలాయన కెరటాల వైపు చేతులెత్తి దండం పెట్టాడు. "మా సిన్నతనంలో ఈ గుడ్లు కొందరు తవ్వుకొచ్చి తినీవోలు. ఇప్పుడు మేవే కావలి కాస్తన్నాం. కూర్మనాథుడు గదా!" అన్నాడు.

కూర్మావతారానికి గుడి కట్టి కొలిచే జిల్లా మనది. ఆ దేవుడి రూపంలో మన ఒడ్డుకు వచ్చే జీవికి మనం చేయవలసిన సేవ పెద్దదేమీ కాదు. మూరెడు తాడు, కొన్ని నెలల ఓపిక. ఆ తర్వాత తొలకరి పడి ఇసుక చల్లబడ్డాక, మన కుక్కలు ఆ తీరంలో ఎంతసేపు పరుగెత్తినా అడిగేవారుండరు. టామీ ముసలిదైనా ఇప్పటికీ ఏటా వెళుతోంది. ఫిబ్రవరిలో తాడుతో, పిల్లలన్నీ సముద్రం చేరాక తాడు లేకుండా.